అమ్మ లెక్కలో దొరకని 400 కేలరీలు: మా ఇంటి ప్రాజెక్టు డైరీ

సెప్టెంబర్ 21, ఆదివారం

ఫోన్‌లో ఒక యాప్ వేసుకున్నాను. వయసు 36, ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు అని నింపి, బరువు తగ్గాలని నొక్కితే రోజుకు 1200 కేలరీలు తినమంది. ఊరికే ఉండలేక అమ్మ వివరాలు కూడా పెట్టాను. 58 ఏళ్లు, 150 సెంటీమీటర్లు, 46 కిలోలు. ఆమె బరువు అట్లే ఉండాలంటే 1325 చాలంది.

ఆ అంకె చూసి మనసు ఒప్పుకోలేదు. కళ్యాణదుర్గం వైపు మా పల్లెలో అమ్మ తెల్లవారుజామున ఐదుకు లేస్తుంది, పగలంతా చేన్లో వంగి పనిచేస్తుంది. అనంతపురంలో ఆఫీసు కుర్చీలో కూర్చుని లెక్కలు రాసే నాకూ ఆమెకూ యాప్ ఒకే కొలత పెట్టింది. ఏ పని చేస్తారని అది అడిగిన చోట ముందే ఉన్న జవాబును నేను మార్చలేదు, అందుకే అట్లా వచ్చింది. అయినా ఆ జవాబును సరిచేస్తే అసలు అంకె ఎంత వస్తుందో, అది నిజమో కాదో ఎట్లా తెలుస్తుంది? కొలిచి చూద్దామనుకున్నాను. మా పాప ఎనిమిదో తరగతి, తనూ వస్తానంది. దీపావళి దాటేదాకా ఇదే మా పని.

ఈరోజు కొన్నవి: ఒక్క గ్రాము వరకు చూపే వంటింటి కాటా, గ్రాములో వందో వంతు చూపే చిన్న జేబు కాటా, ప్రయోగశాలల్లో వాడే గాజు థర్మామీటరు. మనిషిని తూచే కాటా ఇంట్లోనే ఉంది.

సెప్టెంబర్ 23

మొదట కేలరీ అంటే ఏమిటో పాపకు చేతితో చూపించాలనుకున్నాను. ఒక కిలో నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించే శక్తినే మనం తిండి విషయంలో కేలరీ అంటున్నాం. సరిగా చెప్పాలంటే అది కిలోకేలరీ. డబ్బాల మీద రాసేదీ, డాక్టర్లు చెప్పేదీ, నేను ఇక్కడ రాసేదీ అదే.

మన జిల్లాలో దీనికి చెనక్కాయ గింజ కంటే మంచి వస్తువు లేదు. నూనె గింజ, బాగా మండుతుంది. లావుపాటి గింజ ఒకటి తూచాం: 0.52 గ్రాములు. గుండుసూదికి గుచ్చి, సూది రెండో కొసను ఎరేజరులో నిలబెట్టాం. పైన చిన్న రేకు టిన్నులో 50 మిల్లీలీటర్ల నీళ్లు. గింజ అంటుకోవడానికి అగ్గిపుల్లలు నాలుగు పట్టాయి. అంటుకున్నాక మాత్రం పాప ఆశ్చర్యపోయేంత సేపు మండింది.

నీళ్లు 29 డిగ్రీల నుంచి 44కి వచ్చాయి. 50 గ్రాముల నీళ్లు, 15 డిగ్రీలు అంటే 0.75 కేలరీ. మిగిలిన బొగ్గు 0.08 గ్రాములు తీసేస్తే కాలింది 0.44. గ్రాముకు 1.7 కేలరీలు వచ్చాయి.

పోషకాహార పట్టికలో గ్రాముకు 5.67 ఉంది. మాకు దొరికింది మూడో వంతు కూడా కాదు. టిన్ను అడుగంతా మసి, పక్కల నుంచి గాలి. మంట సగం నీళ్లకు తగలనే లేదు.

సెప్టెంబర్ 24, 26

రెండోసారి పాత బిస్కెట్ డబ్బా అడుగు తీసేసి, కింద గాలి పోవడానికి రంధ్రాలు చేసి, చుట్టూ గోడలా పెట్టాం. నీళ్లు 24 డిగ్రీలు పెరిగాయి, గ్రాముకు 2.7. మూడోసారి టిన్నును మంటకు దగ్గరగా దించి, పైన మూత పెట్టి, థర్మామీటరు చూసే ముందు నీళ్లు కలిపాం. 28 డిగ్రీలు పెరిగి గ్రాముకు 3 దాటింది. పట్టిక అంకెలో సగం పైనే. రేకు డబ్బాతో ఇంతకంటే ముందుకు పోలేం. శాస్త్రవేత్తలు దీన్నే ఆక్సిజన్ నింపిన ఉక్కు పాత్రలో, నీటి మధ్య పెట్టి కాలుస్తారు, వేడి దాదాపు బయటికి పోదు.

పాప అడిగిన ప్రశ్న: "మన కడుపులో మంట లేదు కదమ్మా, మరి ఈ లెక్క మనకెట్లా సరిపోతుంది?"

1782-83 చలికాలంలో ఫ్రాన్సులో లావోజియే, లాప్లాస్ అనే ఇద్దరు ఒక గినీ పందిని మంచు గడ్డల మధ్య పెట్టిన పాత్రలో ఉంచారు. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో, అది ఎంత బొగ్గుపులుసు వాయువు వదిలిందో కొలిచి, బొగ్గు కాలితే వచ్చే వేడితో పోల్చారు. ఊపిరి తీయడం అంటే నెమ్మదిగా కాలడమేనని వాళ్లకు అక్కడ తేలింది. మంటలో గింజ రెండు నిమిషాల్లో కాలిపోతుంది. ఒంట్లో అదే ఆక్సిజన్‌తో, అదే బొగ్గుపులుసు వాయువూ నీరుగా, కణాల్లో చిన్న చిన్న మెట్ల మీద దిగుతూ కాలుతుంది. దిగేటప్పుడు కొన్ని మెట్ల దగ్గర కొంత శక్తిని ఏటీపీ అనే అణువులో పట్టుకుంటాం. కండరం కదలాలన్నా, మెదడులో ఒక సంకేతం పోవాలన్నా ఖర్చయ్యేది ఏటీపీయే. ఒంట్లో ఏ క్షణంలో చూసినా అది కొద్దిగానే ఉంటుంది. అదే కొద్దిపాటిని విరిచి, మళ్లీ అతికించి, రోజంతటిలో మన ఒంటి బరువంత తిప్పుతామని చెబితే పాప నమ్మడానికి చాలాసేపు పట్టింది.

ఒక్క తేడా ఉంది. మాంసకృత్తులు మంటలో గ్రాముకు 5.6 దాకా ఇస్తాయి, ఒంట్లో 4 మాత్రమే. వాటిలోని నత్రజని పూర్తిగా కాలకుండా యూరియాగా మూత్రంలో పోతుంది. అమెరికాకు చెందిన విల్బర్ ఆట్‌వాటర్ 19వ శతాబ్దం చివర్లో ఇవన్నీ తీసేసి, పిండిపదార్థం గ్రాముకు 4, మాంసకృత్తులు 4, కొవ్వు 9 అని తేల్చాడు. ఇప్పటికీ అందరం వాటినే వాడుతున్నాం. వంద గ్రాముల చెనక్కాయ గింజల్లో మాంసకృత్తులు 25.3 గ్రాములు, కొవ్వు 40.1, పిండిపదార్థం 26.1 అని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టిక. పాప గుణించి కూడింది: 566. పట్టికలో 567. తన చేత్తో వచ్చిందని ఆ కాగితాన్ని గోడకు అంటించుకుంది. అదే సంస్థ 2017లో తెచ్చిన కొత్త పట్టిక పీచును విడిగా లెక్కించి 520 దగ్గర చూపిస్తుంది. నేను రెండూ రాసుకుంటాను.

సెప్టెంబర్ 28, ఆదివారం, పల్లె

మనిషి కాటా పల్లెకు తీసుకెళ్లాను. వాకిట్లో పెట్టి అమ్మను నిలబెడితే 48.1. రెండోసారి 45.3. మట్టి నేల ఎగుడుదిగుడుగా ఉంది. పంచలో తాడిపత్రి బండ మీదికి మార్చాక మూడుసార్లూ 46.2. ఇకమీదట ప్రతి ఆదివారం అదే బండ, అదే సమయం, పొద్దున ఏమీ తినక ముందు.

"ఏందిమ్మా ఇది, మనిషిని తూకమేసేది? కడుపుకు లెక్కలు యాల?" అంది అమ్మ. అయినా కాటా మీద నుంచి దిగి, "ఎంతుండానే?" అని తనే అడిగింది.

అమ్మకు రాయడం రాదు. అందుకే ఒక ఏర్పాటు చేసుకున్నాం. వంటింటి గోడ మీద బొగ్గుతో వరుసలు గీశాం. సంగటి ముద్దకు ఒక వరుస, రొట్టెకు ఒకటి, అన్నం గరిటెకు ఒకటి, టీ గ్లాసుకు ఒకటి. తిన్న ప్రతిసారీ ఒక గీత. ఆమె ముద్ద ఎంత బరువో, గరిటె ఎంతో నేను ముందే తూచి పెట్టుకుంటే చాలు.

అక్టోబర్ 1 నుంచి 4 వరకు, దసరా సెలవులు

ఈ నాలుగు రోజులూ పల్లెలోనే. ఈసారి వాన ముందే పడి జూన్ మొదట్లోనే విత్తారు కాబట్టి చెనక్కాయ చెట్లు పీకడం అప్పుడే మొదలైంది.

సంగటి లెక్క: బియ్యం 150 గ్రాములు, రాగి పిండి 200 గ్రాములు. ఉడికి గెలికాక మొత్తం 1150 గ్రాములు. బియ్యానికి 525, రాగి పిండికి 640, కలిపి 1165 కేలరీలు. అంటే మా ఇంటి సంగటి గ్రాముకు దాదాపు ఒక కేలరీ. గుర్తుంచుకోవడానికి ఇంత సులువైన అంకె దొరికినందుకు నాకు చాలా సంతోషమైంది. అమ్మ ముద్ద 280 గ్రాములు, కాబట్టి 280 కేలరీలు.

ఆమె ఒక రోజు: తెల్లవారి టీ 60. పొద్దున ముద్ద 280, పప్పు 90. చేన్లో మధ్యాహ్నం రెండు జొన్న రొట్టెలు 400, ఊరిబిండి 70, మజ్జిగ 50. సాయంత్రం టీ 60. రాత్రి అన్నం 390, చారూ కూరా 90. మొత్తం 1490. నాలుగు రోజులూ ఇటూ అటూగా ఇంతే.

ఇప్పుడు ఖర్చు లెక్క. ఏ పనీ చేయకుండా పడుకున్నా గుండె, కాలేయం, మూత్రపిండాలు, మెదడు పనిచేస్తూనే ఉంటాయి. దాన్ని బీఎంఆర్ అంటారు. మెదడు బరువు ఒంట్లో వందకు రెండు పాళ్లు, కానీ పడుకున్నప్పటి ఖర్చులో దాదాపు ఐదో వంతు దానిదే. బరువు, ఎత్తు, వయసుతో దాన్ని లెక్కగట్టే మిఫ్లిన్ సూత్రం 1990లో వచ్చింది, దాంతో అమ్మ బీఎంఆర్ 947, నాది 1300.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాను. యాప్ నన్ను 1200 తినమంది. అది నేను మంచం మీద నుంచి కదలకుండా ఉన్నా కావలసినదాని కంటే తక్కువ. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది యువకులకు ఆరు నెలల పాటు సగం తిండే పెట్టి చూశారు. వాళ్ల ఒళ్లు ఖర్చు తగ్గించుకుంది. గుండె నెమ్మదించింది, చేతులు కాళ్లు చల్లబడ్డాయి, ఎప్పుడూ తిండి మీదే ధ్యాస. రెండేళ్ల కింద నేను కడుపు మాడ్చుకున్నప్పుడు నాకు జరిగింది కూడా అదే. అప్పుడు నాకు పట్టుదల లేదని ఏడ్చాను. ఆ అంకె వద్దని ఈరోజే తీసేశాను.

అమ్మ రోజును గంటలుగా పంచాను. పడుకున్న గంటను 1 అనుకుంటే, చేన్లో వంగి చేసే పని గంటకు దాదాపు 3.5, ఇంటి పని 2.5, నడక 3, కూర్చుంటే 1.3. నిద్ర ఎనిమిది గంటలు, చేను ఏడు, ఇంటి పని మూడు, నడక ఒకటి, కూర్చోవడం ఐదు. సగటు 2.06. దాన్ని 947తో గుణిస్తే 1950.

తింటున్నది 1490. ఖర్చు 1950. తేడా 460.

కొవ్వు కిలోకు సుమారు 7700 కేలరీలు. రోజూ 460 తక్కువైతే పదిహేడు రోజులకు ఒక కిలో తగ్గాలి. నాకు టెన్షన్ మొదలైంది. పనికి పోయే కాలంలో ప్రతి ఏడూ ఈమె ఇట్లాగే కరిగిపోతోందేమో, మేం చూసుకోలేదేమో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అక్టోబర్ 7, అనంతపురం

మధ్యలో నా సంగతి. మొదటి వారం నేను రాసుకున్న తిండి రోజుకు 1710. నాకు కావలసింది 1300ను, కూర్చుని చేసే పనికి సగటైన 1.4తో గుణిస్తే 1820. అంటే తగ్గాలి. తగ్గలేదు, 66.4 నుంచి 66.6కి పెరిగింది.

బరువు రోజు రోజుకూ మారేదాన్ని నమ్మకూడదని ఈ వారమే తెలిసింది. ఓళిగలు తిన్న మర్నాడు 67.3 చూపింది. కాలేయంలో, కండరాల్లో దాచుకునే చక్కెర నిల్వను గ్లైకోజెన్ అంటారు, అది ఒక్కో గ్రాము తనతో పాటు మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది. ఉప్పు ఎక్కువైనా నీరు నిలుస్తుంది. కాబట్టి ఏడు రోజుల సగటే రాస్తున్నాను.

సగటు కూడా పెరిగింది కాబట్టి తప్పు నా పుస్తకంలో ఉంది. ఎక్కడో కనిపెట్టడానికి ఆదివారం మిరపకాయ బజ్జీలు వేసేముందు బాణలితో సహా నూనె తూచాను, వేశాక మళ్లీ తూచాను. ఎనిమిది బజ్జీలకు 48 గ్రాములు తగ్గింది. ఒక్కో బజ్జీ 6 గ్రాముల నూనె తాగింది, అంటే 54 కేలరీలు నూనెవే. నేను అంతవరకు ఉగ్గానికి బొరుగులూ పప్పుల పొడీ మాత్రమే లెక్కించి, తాళింపు నూనెను 'రెండు చెంచాలు' అని వేసుకుంటున్నాను. తూచితే 40 గ్రాములు, 360 కేలరీలు. ఆఫీసులో నాలుగు గంటల టీలూ రాయలేదు. అన్నీ కలిపితే 2050. అదీ నా నిజమైన అంకె.

'ముప్పై ఐదు దాటాక మెటబాలిజం పడిపోతుంది' అని నాకు చాలామంది చెప్పారు, నేనూ నమ్మాను. 2021లో హెర్మన్ పాంట్జర్, ఇంకా చాలా దేశాల శాస్త్రవేత్తలు కలిసి 6400 మందికి పైగా కొలతలు ఒకచోట చేర్చి చూశారు. ఒంటి పరిమాణాన్ని సరిచేసి చూస్తే 20 నుంచి 60 ఏళ్ల వరకు ఖర్చు దాదాపు ఒకేలా ఉంది, తగ్గడం 60 దాటాకే. నాలో మారింది నా పని, నా గరిటె.

అక్టోబర్ 9

మెట్ల ప్రయోగం. మేముండేది మూడో అంతస్తు. అంతస్తుకు 18 మెట్లు, ఒక్కోటి 16.5 సెంటీమీటర్లు, అంటే 2.97 మీటర్లు. 66 కిలోల నన్ను అంత ఎత్తు లేపడానికి 1920 జౌళ్లు, 0.46 కేలరీ. కండరం తాను కాల్చినదాంట్లో నాలుగో వంతే పనిగా మారుస్తుంది, కాబట్టి నిజంగా ఖర్చయ్యేది 1.8 కేలరీలు. మామూలు గింజ ఒకటి 0.4 గ్రాములు, రెండు కేలరీల పైచిలుకు.

ఒక గింజకు ఒక అంతస్తు. పాప ఒక గింజ నోట్లో వేసుకుని పరుగున కిందికి పోయి పైకొచ్చింది. ఇంకొకటి వేసుకుని మళ్లీ పోయింది. నేను ఆ అంకెను రెండు రకాలుగా చూశాను. గుప్పెడు గింజలు మెట్లెక్కి కరిగించడం ఎంత కష్టమో ఒకటి. అంత చిన్న గింజ ఒక మనిషిని ఒక మిద్దె ఎత్తు మోస్తుందా అనేది రెండోది. నాకు రెండోదే ఎక్కువ నచ్చింది.

మిగిలిన మూడు వంతులూ వేడి అవుతాయి. చేన్లో చెమట పట్టేది దానికే. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కేలరీల వేడిని మోసుకుపోతుంది. చెమట పోస్తే కొవ్వు కరిగినట్లు అనుకుంటారు కానీ, అది పని చేసినందుకు పుట్టిన వేడిని బయటికి పంపే దారి మాత్రమే. ఎండలో ఊరికే కూర్చున్నా చెమట పోస్తుంది.

అక్టోబర్ 12, ఆదివారం, పల్లె

అమ్మ బరువు 46.3. పోయిన ఆదివారం 46.0. మొదటి రోజు 46.2.

తగ్గలేదు! రోజుకు 460 తక్కువ తింటున్న మనిషి రెండు వారాలుగా అదే బరువులో ఉంది. ఒళ్లు లెక్క తప్పదు. గాలిలో నుంచి శక్తి రాదు. కాబట్టి నా ఖర్చు లెక్కైనా తప్పు, తిండి లెక్కైనా తప్పు. నూనె సంగతి తెలిశాక నాకు అనుమానం తిండి మీదికే పోయింది.

మధ్యాహ్నం చేనికి వెంట వెళ్లాను. అమ్మ ఇద్దరు అత్తలతో కలిసి, పీకిన చెట్ల కుప్ప పక్కన కూర్చుని కాయలు తెంపుతోంది. చేతులు ఆగడం లేదు. నాలుగు కాయలు గంపలోకి, ఒకటి పళ్ల కిందికి. తొక్క పక్కన పడుతోంది. మాట్లాడుతూనే ఉంది, తింటూనే ఉంది, తింటున్నానని ఆమెకే తెలియదు.

"అమ్మా, నువ్వు చెనక్కాయలు తింటావని చెప్పలేదే?"

"అది తిండా? పనిలో నోట్లో ఏసుకునేది."

అక్టోబర్ 13, సెలవు పెట్టాను

అమ్మ చేతికి ఒక కవరు ఇచ్చి, ఈరోజు తిన్న ప్రతి తొక్కా ఇందులో వెయ్యమన్నాను. అత్తలు నవ్వినా చెప్పినట్టే చేసింది. సాయంత్రం లెక్కపెడితే 96 కాయల తొక్కలు. కొన్ని ఒంటి గింజవి, ఒకటో రెండో మాత్రం మూడు గింజలవి, మిగిలినవన్నీ రెండు గింజలవి. మొత్తం 175 గింజలు.

పచ్చి గింజలో నీరు చాలా ఉంటుంది కాబట్టి దాన్ని అట్లే తూచి పట్టికతో గుణిస్తే తప్పు వస్తుంది. అందుకే అదే కుప్పలోని కాయలు కొన్ని తెచ్చి, మిద్దె మీద పోసి ఎండబెట్టాను.

అక్టోబర్ 18

ఎండిన గింజలు వంద తూచితే 38 గ్రాములు. 175 గింజలు అంటే దాదాపు 66 గ్రాములు. కొత్త పట్టికతో 345, పాత పట్టికతో 375 కేలరీలు. చేను దగ్గర పదకొండు గంటలకు తాగే టీ కూడా గోడ మీద గీత పడలేదని తెలిసింది, అది 55. కలిపితే 1890 నుంచి 1920.

మిగిలిన తేడా 30 నుంచి 60. గంటల అంచనాలో అంత తప్పు ఎటూ ఉంటుంది, ఇంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం కూడా ఉంది. అయినా ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

అక్టోబర్ 22

పాపకు జ్వరం, 39 డిగ్రీలు. ఒంటి వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే పడుకున్నప్పటి ఖర్చు వందకు పది పైన పెరుగుతుంది. తినేదేమో గంజి, రెండు బ్రెడ్డు ముక్కలు. మూడు రోజుల్లో 1.2 కిలోలు తగ్గింది. చాలావరకు నీరూ గ్లైకోజెనేనని తెలిసి కూడా నాకు దిగులే.

పక్కన కూర్చుని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన అంకెలు మళ్లీ చూశాను. ఈ సంస్థ 1918లో తమిళనాడులోని కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. కూర్చుని పనిచేసే 55 కిలోల స్త్రీకి 1660, ఓ మోస్తరు పనికి 2130, బరువు పనికి 2720. పురుషుడికి, 65 కిలోల బరువుకు, 2110, 2710, 3470. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు అదనంగా 600. వీటిని ఇంతకుముందూ చూశాను. కానీ 13 నుంచి 15 ఏళ్ల అమ్మాయి వరుస మీద కన్ను పెట్టలేదు. 2400.

నా కంటే ఎక్కువ. నేను ఇన్నాళ్లూ పాపకు నా పళ్లెంలో ముక్కాలు వంతు పెడుతున్నాను. 'ఆడపిల్ల, చిన్న కడుపు' అనుకుంటూ. ఎముక పెరుగుతోంది, రక్తం పెరుగుతోంది, బడిలో ఆడుతుంది, మూడంతస్తులు గింజ కోసం పరుగెడుతుంది. ఈ మధ్య స్నేహితురాళ్ల మాటలు విని పొద్దున టిఫిన్ మానేస్తానని కూడా అంది. జ్వరం తగ్గాక ఇద్దరం కూర్చుని ఆ పట్టిక చదువుకున్నాం. నేను ఉపన్యాసం ఇవ్వలేదు. "నాకు నీకంటే ఎక్కువా?" అని రెండుసార్లు అడిగింది, మర్నాడు మూడు దోసెలు తింది.

నవంబర్ 2, ఆదివారం, పల్లె

చెనక్కాయ పని అయిపోయింది. కాయలు ఎండి మూటలెక్కాయి, కట్టె వామి వేశారు. అమ్మ 46.1. సోమవారం నుంచి పక్క ఊరి టమోటా తోటల్లో కోతకు పోతానంది. గోడ మీద గీతలు ఆపమని అడగడానికి నోరు తెరిచి, ఆగాను. ఇంకో నెల చూద్దాం అన్నాను.

నవంబర్ 9, 16, 23

45.9. 45.6. 45.4.

గోడ గీతలు మారలేదు. అవే ముద్దలు, అవే రొట్టెలు.

నవంబర్ 30, ఆదివారం

45.2. నాలుగు వారాల్లో 0.9 కిలో. 7700తో గుణించి 28 రోజులకు పంచితే రోజుకు 250 దగ్గర. చెనక్కాయలు పోయాయి, పని పోలేదు. వంగి కోయడం, బుట్టలు మోసి గట్టు దాకా తేవడం, అంతా అంతే బరువు. అక్టోబర్‌లో నేను భయపడిన లోటు ఇప్పుడు నిజంగా వచ్చింది. నేను పోయినప్పుడల్లా కంటికి అమ్మ అట్లే కనిపిస్తోంది. కాటా లేకపోతే నాకు తెలిసేదే కాదు.

ఇంకో ముద్ద తినమ్మా అన్నాను.

"కడుపు నిండితే వంగేది ఎట్లే? ఊపిరాడదు."

ఆమె చెప్పింది నిజం. 250 కేలరీలకు 250 గ్రాముల సంగటి కావాలి, అంటే ఇంకో ముద్ద. వంగి పనిచేసేవాళ్ల కడుపులో అంత చోటు ఉండదు. చెనక్కాయ గింజలో అదే శక్తి 50 గ్రాములకు లోపే ఉంది. ఆమె ఒళ్లు పని మధ్యలో కాయలు నమలడం ఎందుకు అలవాటు చేసుకుందో నాకు ఇప్పుడు అర్థమైంది.

డిసెంబర్ 2

నాయన ఇంట్లోకి ఉంచిన కాయల్లో నుంచి ఒలిచిన గింజలు 500 గ్రాములు వేయించి, పొట్టు తీసి, కచ్చాపచ్చాగా దంచాను. బెల్లం 250 గ్రాములు. గింజలకు 2600, బెల్లానికి 950, మొత్తం 3550 కేలరీలు. 36 ఉండలు వచ్చాయి, ఒక్కోటి 20 గ్రాములు, దాదాపు 100 కేలరీలు. రోజుకు మూడు చాలు. చేన్లో కొంగున కట్టుకుని పోవచ్చు, చేతులు కడుక్కునే పని కూడా లేదు.

నా బరువు కూడా రాసేస్తాను: ఎనిమిది వారాల్లో 66.4 నుంచి 64.4. రోజుకు 1780 తిన్నాను, నూనె తూచి పోశాను, సాయంత్రం టవర్ క్లాక్ దాకా నడిచాను. ఆకలితో ఏ రోజూ పడుకోలేదు.

డిసెంబర్ 3

పల్లెకు పోయి ఉండలు ఇచ్చాను. "నాకెందుకమ్మా, బిడ్డకు పెట్టు" అంది. ఆ మాట వస్తుందని తెలుసు. పాపకు వేరే డబ్బా ఉందని చూపించాను. ఇంకో మాట కూడా వస్తుందని తెలుసు: తోటలో పక్కన పదిమంది ఉండగా తను ఒక్కతే తినదు. అందుకే ఇంకో 36 ఉండలు పంచడానికని విడిగా కట్టి ఇచ్చాను. ఆమె కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత పొయ్యి దగ్గరికి పోయి బొగ్గు ముక్క తెచ్చి, "ఇది ఏ వరసలో గీయాల?" అని అడిగింది. గోడ మీద కొత్త వరుస ఒకటి గీశాను.

డిసెంబర్ 7, ఆదివారం

బండ మీద 45.3. ఒక్క వారం, అందులో నీరు ఎంతో తెలియదు, దీన్ని పట్టుకుని ఏమీ చెప్పను. గోడ మీద కొత్త వరుసలో నాలుగు రోజులకు పన్నెండు గీతలు ఉన్నాయి. పదమూడోది ఈ పొద్దున నేను చూస్తుండగానే పడింది.